మాత్ర మింగిన తరువాత

వైద్యరంగంలో రెండు పరిశోధనలు ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టుగా నడుస్తున్నాయి. మొదటిది నీటిలో కలిసిన మందుల అవశేషాలను తొలగించడానికి సంబంధించినది. దీనిని ఎక్కువగా రసాయన శాస్త్రజ్ఞులు, ఇంజినీర్లు చేస్తున్నారు. రెండవది మలబద్ధకంతో బాధపడే రోగులకు ఉపశమనం కలిగించడానికి సంబంధించినది. ఇది వైద్యులదీ, ఆహార శాస్త్రజ్ఞులదీ. మొదటిదానికి తెలుగు నేలతో దగ్గరి సంబంధం ఉంది. మందుల కాలుష్యం మీద ప్రపంచమంతా ఉదహరించే పరిశోధనపత్రాలలో కొన్ని, హైదరాబాదు పక్కనున్న పటాన్‌చెరు నీటిని పరీక్షించి రాసినవే. రెండవదానికి నేనిప్పుడు నివసిస్తున్న న్యూజీలండ్‌తో సంబంధం ఉంది. మలబద్ధకం మీద ఇటీవల వచ్చిన మంచి పరిశోధనలలో కొన్ని ఇక్కడే జరిగాయి.

ఈ రెంటినీ ఒకచోట పెట్టి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. వైద్యుడు మందుచీటీ రాసేటప్పుడు రోగి గురించి ఒక నిర్ణయం తీసుకుంటాడు. ఆ నిర్ణయం నీటి గురించి కూడా అన్న సంగతి వైద్య కళాశాలలో నా తరానికి ఎవరూ చెప్పలేదు. పాఠాలన్నీ మందు శరీరంలోకి ఎలా వెళుతుంది, ఏం చేస్తుంది, ఎలా బయటకు పోతుంది అన్న దగ్గర ఆగిపోయేవి. బయటకు పోయాక ఏమవుతుందన్నది మరెవరిదో సమస్య.

మాత్ర ప్రయాణం

మింగిన మందు పూర్తిగా శరీరంలో 'ఖర్చయిపోతుంది' అనుకోవడం సహజం. కాని చాలా మందుల విషయంలో అది నిజం కాదు. మధుమేహానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్‌ను మన కాలేయం ఏమాత్రం మార్చలేదు. రక్తంలోకి చేరినదంతా దాదాపు అదే రూపంలో మూత్రంలో బయటకు వస్తుంది. సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్‌లో సుమారు సగం, మారకుండానే మూత్రంలో పోతుంది. మోకాలి నొప్పికి రాసుకునే డైక్లోఫెనాక్ పూతమందులో చర్మం గుండా లోపలికి వెళ్ళేది నూటికి ఆరు వంతులు మాత్రమే. మిగిలినదాంట్లో చాలాభాగం స్నానం చేసినప్పుడో, బట్టలు ఉతికినప్పుడో మురుగులో కలుస్తుంది.

కాలేయం మార్చిన మందుల కథ కూడా అక్కడితో ముగియదు. నీటిలో తేలికగా కరిగి బయటకు పోవడానికి వీలుగా కాలేయం కొన్ని మందులకు చక్కెరను పోలిన ఒక అణువును తగిలిస్తుంది. మురుగునీటిలోని బాక్టీరియా ఆ చక్కెర తోకను తెంచుకొని తినేస్తుంది. అప్పుడు అసలు మందు మళ్ళీ బయటపడుతుంది. అందువల్ల శుద్ధికేంద్రంలోకి వెళ్ళే నీటిలో కంటే బయటకు వచ్చే నీటిలో కొన్ని మందులు ఎక్కువగా కనిపించడం కూడా కద్దు.

మురుగునీటి శుద్ధికేంద్రాలను మందుల కోసం కట్టలేదు. కలరా, టైఫాయిడ్ వంటి రోగాలను అరికట్టడానికీ, మలమూత్రాలలోని సేంద్రియ పదార్థం చెరువులలో ప్రాణవాయువును హరించకుండా చూడడానికీ కట్టారు. ఆ పని బాక్టీరియా చేత చేయిస్తారు. బాక్టీరియా తనకు ఆహారంగా పనికివచ్చేదాన్ని తింటుంది. పారసెటమాల్ వంటివాటిని ఇష్టంగానే తింటుంది కనుక అది చాలావరకు తొలగిపోతుంది. మూర్ఛకు వాడే కార్బమజెపిన్ జోలికి మాత్రం దాదాపు పోదు. జీర్ణాశయంలోని ఆమ్లాన్నీ, పేగులలోని ఎంజైములనూ తట్టుకొని నిలబడేలా తయారుచేసిన అణువు, శుద్ధికేంద్రంలోని బాక్టీరియాను కూడా తట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు.

2022లో వెలువడిన ఒక అధ్యయనం 104 దేశాలలో 258 నదుల నుండి, వెయ్యికి పైగా చోట్ల నీటి నమూనాలను సేకరించి 61 మందుల కోసం పరీక్షించింది. కార్బమజెపిన్, మెట్‌ఫార్మిన్, కెఫీన్ అన్నిటికంటే తరచుగా కనిపించాయి. నాలుగింట ఒక చోట కనీసం ఒక మందైనా, జలచరాలకు సురక్షితమని భావించే మోతాదును మించి ఉంది.

'ఇంత పలుచగా ఉన్న మందు ఎవరినేం చేస్తుంది?' అన్న ప్రశ్నకు కెనడాలో చేసిన ఒక ప్రయోగం సమాధానం చెబుతుంది. ఒంటారియో రాష్ట్రంలో పరిశోధనలకే కేటాయించిన ఒక సరస్సులో, గర్భనిరోధక మాత్రలలో ఉండే ఈస్ట్రోజన్‌ను 2001 నుండి మూడు వేసవులు కలిపారు. మోతాదు లీటరుకు ఐదారు నానోగ్రాములు, అంటే గ్రాములో వందకోట్ల వంతులు ఐదారు. మగచేపలలో ఆడలక్షణాలు కనిపించాయి. సంతతి తగ్గింది. ఆ సరస్సులో ఒక చిన్న చేపజాతి దాదాపు అంతరించే స్థితికి చేరింది. మందు చేయవలసిన పనే అది చేసింది. కాకపోతే ఎవరి శరీరంలో చేయాలో ఆ శరీరంలో కాదు.

పటాన్‌చెరు: గొట్టం మొదలు

రోగుల శరీరాల నుండి నీటిలో చేరే మందును నానోగ్రాములలో కొలుస్తాం. మందు తయారయ్యే చోట లెక్క వేరు.

1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఐ.డి.పి.ఎల్., హైదరాబాదులో నెలకొల్పిన కర్మాగారం ఒక తరం రసాయన శాస్త్రజ్ఞులకు బడి వంటిది. అక్కడ పనిచేసినవారిలో కొందరు బయటకు వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. కల్లం అంజిరెడ్డి వారిలో ఒకరు. ఆయన 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల, కాజీపల్లి ప్రాంతాలు మూలౌషధాల తయారీకి ప్రపంచస్థాయి కేంద్రాలయ్యాయి. పేదదేశాల రోగులకు చవకగా మందు అందడంలో హైదరాబాదు పాత్ర చాలా పెద్దది. దాన్ని తక్కువ చేసి చూపడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ చవకదనంలో కొంత భాగం స్థానిక చెరువుల ఖాతాలో రాయబడింది.

స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం 2007లో ఒక చిన్న పరిశోధనపత్రం ప్రచురించింది. పటాన్‌చెరులో సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలం ఒక ఉమ్మడి శుద్ధికేంద్రానికి చేరేది. శుద్ధి 'అయిన తరువాత' బయటకు వస్తున్న నీటిని వారు పరీక్షించారు. అందులో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. 500 మిల్లీగ్రాముల మాత్ర మింగిన రోగి రక్తంలో ఈ మందు చేరుకునే గరిష్ఠ స్థాయి లీటరుకు రెండున్నర మిల్లీగ్రాములకు అటూ ఇటూ. అంటే ఆ కాలువలో నీరు, చికిత్స పొందుతున్న రోగి రక్తం కంటే పది రెట్లకు పైగా చిక్కనైన మందు. రోజుకు బయటకు పోతున్న సిప్రోఫ్లాక్ససిన్ సుమారు 44 కిలోలని వారు అంచనా వేశారు. 500 మిల్లీగ్రాముల మాత్రల లెక్కన అది 88,000 మాత్రలు. అప్పటికి తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా కలిసి ఐదు రోజులలో వాడే మోతాదుకు సమానం. రక్తపోటు, అలర్జీ, మానసిక కుంగుబాటులకు వాడే మందులు కూడా అదే నీటిలో లీటరుకు మిల్లీగ్రాముల మోతాదులో ఉన్నాయి.

ఆ నీరు ఇసకవాగులో, అక్కడి నుండి నక్కవాగులో, తరువాత మంజీరలో, చివరకు గోదావరిలో కలిసే దారిలో ఉంది. 2009లో వచ్చిన మరొక పత్రం ఆ ప్రాంతంలోని చెరువులనూ, ఆరు గ్రామాల బావులనూ పరీక్షించింది. పరీక్షించిన ప్రతి బావిలోనూ మందుల అవశేషాలున్నాయి. 2014లో కాజీపల్లి చెరువులోని బాక్టీరియా జన్యువులను పరిశీలించినవారు, యాంటీబయాటిక్‌లను తట్టుకొనే జన్యువులు స్వీడన్‌లోని ఒక చెరువుతో పోలిస్తే దాదాపు 7,000 రెట్లు ఎక్కువగా ఉన్నాయని రాశారు.

వైద్యుడిగా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ చివరి సంగతి. యాంటీబయాటిక్ కలిసిన చెరువులో మందుకు లొంగే బాక్టీరియా చచ్చిపోతుంది, లొంగనిది మిగిలి పెరుగుతుంది. ఆ లొంగని గుణాన్ని మోసే జన్యువును ఒక జాతి బాక్టీరియా మరొక జాతికి అందించగలదు. చెరువులో హానిలేని సూక్ష్మజీవి సంపాదించుకున్న విద్యను, రేపు మూత్రపిండాల్లో చేరిన సూక్ష్మజీవి నేర్చుకోవచ్చు. అది విమానం ఎక్కడానికి వీసా అక్కరలేదు.

స్థానికులు ఊరకుండలేదు. పటాన్‌చెరులోనే వైద్యవృత్తి చేసిన డా. అల్లాని కిషన్‌రావు దశాబ్దాల పాటు ఈ కాలుష్యానికి వ్యతిరేకంగా పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులో దాఖలైన వ్యాజ్యం, హైకోర్టు మీదుగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరి 2017లో తీర్పుకు వచ్చింది. అంటే ఇరవయ్యేడేళ్ళు. ఈ మధ్యలో పటాన్‌చెరు వ్యర్థజలాన్ని సుమారు 18 కిలోమీటర్ల గొట్టం వేసి, హైదరాబాదు మురుగుతో కలిపి అంబర్‌పేట శుద్ధికేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. పలుచన చేయడం వల్ల లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములన్న అంకె తగ్గుతుంది. మందు మొత్తం తగ్గదు. పైగా నగరవాసుల మలంలోని సూక్ష్మజీవులూ, కర్మాగారాల యాంటీబయాటిక్‌లూ ఒకే తొట్టిలో కలుస్తాయి. జన్యువుల మార్పిడికి అంతకంటే అనువైన చోటు ఉండదు.

2020 జనవరిలో భారత పర్యావరణ శాఖ, కర్మాగారాల వ్యర్థజలంలో 121 యాంటీబయాటిక్‌లకు పరిమితులు విధిస్తూ ముసాయిదా ప్రకటించింది. అంతర్జాతీయంగా చాలామంది దీన్ని మెచ్చుకున్నారు. 2021 ఆగస్టులో వచ్చిన తుది ప్రకటనలో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో ఈ విషయం మీద మార్గదర్శకాలు వెలువరించింది. అవి సలహాలు మాత్రమే.

నీటిని కడగడం ఎలా?

మందులను నీటి నుండి తీసివేయడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. మొదటిది పీల్చుకోవడం. ఉత్తేజితం చేసిన బొగ్గుపొడిలో లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రాలుంటాయి. మందు అణువులు వాటి గోడలకు అంటుకుంటాయి. కొన్నాళ్ళకు బొగ్గు నిండిపోతుంది, దాన్ని కాల్చి శుభ్రం చేయాలి లేదా మార్చాలి. రెండవది విరగ్గొట్టడం. ఓజోన్ వాయువును నీటిలోకి పంపితే అది మందు అణువులను ముక్కలు చేస్తుంది. బాక్టీరియాకు లొంగని కార్బమజెపిన్ కూడా ఓజోన్‌కు తేలికగా లొంగుతుంది. ఐతే విద్యుత్తు ఖర్చు ఎక్కువ, నీటిలో బ్రోమైడ్ ఉంటే హానికరమైన ఉపపదార్థాలు పుడతాయి. మూడవది ఆపడం. అతి సూక్ష్మమైన పొరల గుండా నీటిని ఒత్తిడితో పంపితే మందు ఇవతలే ఉండిపోతుంది. ఆ మిగిలిన చిక్కటి ద్రవాన్ని ఏంచేయాలన్న ప్రశ్న కూడా ఇవతలే ఉండిపోతుంది.

నాలుగవ దారి ఒకటి పరిశోధనలో ఉంది. దానికి న్యూజీలండ్‌తో చుట్టరికం ఉంది. ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్థిరపడిన టెరెన్స్ కాలిన్స్, మన శరీరంలోని కొన్ని ఎంజైముల పనితీరును అనుకరించే చిన్న అణువులను తయారుచేశారు. మధ్యలో ఇనుము, చుట్టూ ఒక చట్రం ఉండే ఈ ఉత్ప్రేరకాలను 'టామ్ల్' అంటారు. నీటిలో అతి కొద్ది మోతాదు ఉత్ప్రేరకం, దానితోపాటు కొంచెం హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే అది ఈస్ట్రోజన్ వంటి మొండి అణువులను విరగ్గొడుతుంది. ఈ పనికి 1999లో అమెరికా అధ్యక్షుని హరిత రసాయన పురస్కారం లభించింది. ప్రయోగశాల నుండి నగర శుద్ధికేంద్రం దాకా ప్రయాణం మాత్రం ఇంకా పూర్తికాలేదు.

దేశస్థాయిలో ఈ పనికి ముందుగా పూనుకున్నది స్విట్జర్లండ్. 2016 నుండి అమలులో ఉన్న చట్టం ప్రకారం వందకు పైగా శుద్ధికేంద్రాలు 2040 నాటికి ఓజోన్ లేదా బొగ్గు దశను చేర్చుకొని, ఎంచిన సూక్ష్మకాలుష్యాలలో 80 శాతాన్ని తొలగించాలి. ఇందుకు తలకు ఏడాదికి 9 ఫ్రాంకుల వరకు వసూలు చేస్తారు. ఐరోపా సమాజం 2024లో ఆమోదించిన కొత్త ఆదేశం మరొక అడుగు ముందుకు వేసింది. ఈ అదనపు దశకు అయ్యే ఖర్చులో కనీసం 80 శాతాన్ని మందులు, సౌందర్యసాధనాలు తయారుచేసేవారు భరించాలన్నది. కంపెనీలు దీన్ని న్యాయస్థానంలో సవాలు చేశాయి.

మా ఊరి సంగతి కూడా చెప్పాలి. ఆక్లండ్ దక్షిణాన ఉన్న టకానిని మురుగునీరు మాంగెరె శుద్ధికేంద్రానికి వెళుతుంది, అక్కడ శుద్ధి అయ్యాక మనుకౌ అఖాతంలో కలుస్తుంది. ఒకప్పుడు ఆ అఖాతం తీరాన విశాలమైన మురుగు చెరువులుండేవి. మానవ వ్యర్థాలను నీటిలో కలపడం మావోరి సంప్రదాయంలో నిషిద్ధం. అక్కడి మావోరి ప్రజల ఫిర్యాదును విచారించిన వైటాంగి ట్రిబ్యునల్ 1985లో తన మనుకౌ నివేదికను వెలువరించింది. తరువాతి కాలంలో శుద్ధికేంద్రాన్ని ఆధునికీకరించారు, ఆ చెరువులను తొలగించి తీరాన్ని సముద్రానికి తిరిగి ఇచ్చారు. ఇప్పుడక్కడ జీవశుద్ధి, వడపోత, అతినీలలోహిత కిరణాలతో క్రిమిసంహారం జరుగుతున్నాయి. ఈ దశలలో ఏదీ మందుల అవశేషాల కోసం ఉద్దేశించినది కాదు. ఆక్లండ్ చుట్టూ ఉన్న నదీముఖాల బురదలో మందుల అవశేషాలు కనిపించాయని 2014లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది.

గొట్టం చివర నీటిని కడగడం సాధ్యమే, కాని ఖరీదైన పని. ధనిక దేశాలకే దశాబ్దాలు పడుతోంది. కనుక గొట్టంలోకి అనవసరంగా ఏం పంపుతున్నామన్నది కూడా అడగాలి. మలబద్ధకం ప్రసక్తి ఇక్కడ వస్తుంది.

మందు వెనుక మందు

పెద్దవారిలో పదిమందిలో ఒకరికైనా మలబద్ధకం ఉంటుంది. వయసు మళ్ళినవారిలో ఇంకా ఎక్కువ. రోజుకు మూడుసార్ల నుండి వారానికి మూడుసార్ల వరకు ఎన్నిసార్లు విరేచనమైనా మామూలేనని వైద్యశాస్త్రం చెబుతుంది. 'రోజూ ఉదయమే కావాలి' అన్న నియమం మన పెద్దలు పెట్టుకున్నది. సంఖ్య కంటే ముఖ్యమైనవి మలం గట్టిపడడం, ముక్కవలసి రావడం, పూర్తిగా కాలేదన్న భావన.

స్వదేశం నుండి ఆరునెలలకు పిల్లల దగ్గరికి వచ్చే తల్లిదండ్రులలో ఈ బాధ తరచు చూస్తుంటాను. చలికి నడక తగ్గుతుంది, దాహం వేయదు, భోజనవేళలు మారతాయి, గొంతుకూర్చునే అలవాటున్నవారికి కుర్చీ మరుగుదొడ్డి కుదరదు. వీటికి తోడు వారి వెంట ఒక మందుల సంచి ఉంటుంది. ఆ సంచిని బల్ల మీద బోర్లించి చూడడం, నా అనుభవంలో, చాలా పరీక్షల కంటే ఉపయోగకరం.

ఒక సాధారణమైన వరుస ఇలా ఉంటుంది. రక్తపోటుకు ఆమ్లోడిపిన్ ఇస్తారు. దానివల్ల కొందరికి పాదాలు వాస్తాయి. వాపును కొత్త జబ్బుగా భావించి మూత్రం ఎక్కువగా పోయే మాత్ర ఇస్తారు. ఒంట్లో నీరు తగ్గి మలం గట్టిపడుతుంది. దానికి విరేచనపు మందు మొదలవుతుంది. కడుపుబ్బరానికి మరొకటి. పాలా రోషోన్, జెర్రీ గర్విట్జ్ అనే వైద్యులు 1990లలో ఈ వరుసను గుర్తించి, దానికి మందుచీటీల గొలుసు అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఒక మందు దుష్ఫలితాన్ని కొత్త రోగంగా పొరబడడం ఈ గొలుసుకు మూలం.

మలబద్ధకాన్ని తెచ్చే మందుల జాబితా పెద్దదే. కోడీన్, ట్రమడాల్ వంటి నొప్పిమందులు, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, రక్తపోటుకు వెరాపమిల్, ఇనుము మాత్రలు, జలుబు మందులలో ఉండే నిద్రమత్తు కలిగించే అలర్జీ మందులు ఇందులో ముఖ్యమైనవి. వీటిలో ట్రమడాల్ మురుగు శుద్ధిలో సరిగా తొలగదు, శుద్ధి అయిన నీటిలోనూ తరచు కనిపిస్తుంది. పేగును మందగింపజేసే మందూ, నీటిలో నిలిచిపోయే మందూ ఇక్కడ ఒకటే.

ఒక జాగ్రత్త చెప్పాలి. విరేచనపు మందులు నీటికి పెద్ద శత్రువులని నేననడం లేదు. మాక్రోగోల్ పొడి రక్తంలోకి చేరకుండా పేగులోంచి నేరుగా బయటకు పోతుంది. లాక్టులోజ్‌ను పెద్దపేగులోని బాక్టీరియానే తినేస్తుంది. నీటికి మేలు జరిగేది గొలుసు మొదట్లో ఉన్న అనవసరమైన మందును గుర్తించి ఆపినప్పుడు. మలబద్ధకం ఆ గొలుసును బయటపెట్టే ఆనవాలు.

రెండు కివీపండ్లు

ఏ మందూ కారణం కాని మలబద్ధకానికి ఏంచేయాలి? న్యూజీలండ్‌లో ఇళ్ళలో అనుభవం మీద చెప్పుకునే సలహా, రోజుకు రెండు ఆకుపచ్చ కివీపండ్లు తినమని. ఈ పండు ఇక్కడిది కాదు. 1904లో ఇసబెల్ ఫ్రేజర్ అనే ఉపాధ్యాయిని చైనా నుండి తెచ్చిన విత్తనాలతో ఇక్కడి సాగు మొదలైంది. 'చైనా గూస్‌బెర్రీ' అన్న పేరు 1959లో ఎగుమతుల కోసం 'కివీఫ్రూట్'గా మారింది.

ఒటాగో విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ గేరీ ఆధ్వర్యంలో న్యూజీలండ్, ఇటలీ, జపాన్ దేశాలలో 184 మందితో ఈ సలహాను పరీక్షించారు. ఫలితాలు 2023లో వచ్చాయి. ప్రతివారూ నాలుగు వారాలు రోజుకు రెండు పండ్లు, మరో నాలుగు వారాలు 7.5 గ్రాముల ఇసబ్గోలు తీసుకున్నారు. పండ్లు తిన్న కాలంలో, మలబద్ధకం ఉన్నవారికి పూర్తి సంతృప్తితో కూడిన విరేచనాలు వారానికి ఒకటిన్నర పైగా పెరిగాయి, కడుపులో అసౌకర్యం తగ్గింది. అంతకుముందు 2021లో అమెరికాలో 79 మందిపై జరిగిన పరీక్షలో కివీ, ఎండిన ప్రూన్ పండ్లు, ఇసబ్గోలు మూడూ పనిచేశాయి. కివీ తిన్నవారిలో ఉబ్బరం వంటి ఇబ్బందులు తక్కువ. ఐరోపా సమాజం 2025లో ఆకుపచ్చ కివీ విరేచనానికి తోడ్పడుతుందని లేబుళ్ళ మీద రాసుకోవడానికి అనుమతించింది. అదే ఏడాది బ్రిటిష్ ఆహార నిపుణుల సంఘం వెలువరించిన మార్గదర్శకాలలో కివీ, ఇసబ్గోలు, ఖనిజలవణాలు ఎక్కువగా ఉన్న నీరు చోటు చేసుకున్నాయి. 'పీచు ఎక్కువ తినండి' అని ఊరికే చెప్పే సలహాకు తగిన రుజువు లేదని కూడా ఆ పత్రం తేల్చింది.

ఇది ఎలా పనిచేస్తుంది? కివీలోని పీచు నీటిని బాగా పట్టి ఉంచుతుంది. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఎం.ఆర్.ఐ. చిత్రాలు తీసి చూసినప్పుడు, కివీ తిన్నవారి చిన్నపేగులో నీరు, పెద్దపేగులో పదార్థం పరిమాణం పెరిగినట్టు తేలింది. మాంసకృత్తులను విడగొట్టే ఆక్టినిడిన్ అనే ఎంజైము కూడా తోడ్పడుతుందని భావిస్తున్నారు. వేడికి అది చెడుతుంది కాబట్టి పండును పచ్చిగానే తినాలి. రబ్బరుపాలతో చేసిన చేతితొడుగులు పడనివారు, కివీ తిన్నప్పుడు నోరు దురద పెట్టేవారు దీని జోలికి పోకూడదు.

గేరీ పరీక్షకు డబ్బు పెట్టింది కివీపండ్లు ఎగుమతి చేసే జెస్ప్రి సంస్థ. అందువల్ల ఫలితాలు తప్పని అనలేం, ఆ సంగతి తెలిసి చదవడం మంచిది. ఇసబ్గోలు తక్కువదేమీ కాదు. గుజరాత్, రాజస్థాన్‌లలో పండి ప్రపంచానికంతా ఎగుమతి అవుతున్న ఈ పొట్టుకు మంచి రుజువే ఉంది. దానితోపాటు నీళ్ళు బాగా తాగకపోతే మాత్రం పేగులో అడ్డుపడే ప్రమాదముంది. కుర్చీ మరుగుదొడ్డిలో పాదాల కింద చిన్న పీట వేసుకుంటే గొంతుకూర్చున్న భంగిమ కొంతవరకు వస్తుంది. దానికి ఖర్చు ఒక్కసారే.

మందు తప్పనిసరి అయిన చోట

'మందులు మానేసి పండ్లు తినండి' అన్నది ఈ వ్యాసం సారాంశమని ఎవరైనా అనుకుంటే ప్రమాదం. న్యూజీలండ్‌లోనే జరిగిన మరొక పరిశోధన దానికి సరైన సమాధానం.

ఇతర మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు క్లోజపిన్‌ను మించిన మందు లేదు. కాని అది పేగు కదలికను తీవ్రంగా మందగింపజేస్తుంది. వెలింగ్టన్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయ మనోవైద్యురాలు సుసానా ఎవరీ-పామర్, ఆమె సహచరులు 2016లో దీన్ని కొలిచి చూపించారు. ఆహారం పెద్దపేగును దాటడానికి ఇతర మనోవ్యాధి మందులు వాడేవారిలో మధ్యస్థంగా 23 గంటలు పడితే, క్లోజపిన్ వాడేవారిలో 104 గంటలు దాటింది. చాలామంది రోగులు తమకు మలబద్ధకం ఉందని చెప్పనే లేదు. ఇది అసౌకర్యంతో పోయే విషయం కాదు, పేగు మూసుకుపోయి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

2017లో అదే బృందం, రోగి ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా డాక్యుసేట్, సెన్నా మాత్రలను మొదలుపెట్టి, అవసరమైతే మాక్రోగోల్ చేర్చే పద్ధతిని 14 మందిలో పరీక్షించింది. ఆసుపత్రి ఉన్న ఊరి పేరుతో దాన్ని పోరిరువా పద్ధతి అంటారు. మధ్యస్థ కాలం 110 గంటల నుండి 62 గంటలకు తగ్గింది. ఇక్కడ విరేచనపు మందు అనవసరపు గొలుసులో కొస కాదు, ప్రాణరక్షణ. క్లోజపిన్ నీటిలో చేరుతుందని తెలిసినా, ఆ రోగికి దాన్ని రాయక తప్పదు. అటువంటి రోగుల పాలిట నీటి బాధ్యతను శుద్ధికేంద్రమే మోయాలి. అనవసరమైన మందులను తగ్గించమనడంలో ఒక ఉద్దేశం, అవసరమైన మందులను సంకోచం లేకుండా వాడగలగడం.

చేయగలిగినవి

మందులు వాటంతటవే ఆపవద్దు, ముఖ్యంగా గుండె, మూర్ఛ, మానసిక వ్యాధుల మందులు. వాటి జాబితాను ఏడాదికొకసారైనా వైద్యుడి ముందు పెట్టి, 'ఇందులో ఏది ఎందుకు?' అని అడగండి. స్వదేశం నుండి వచ్చిన తల్లిదండ్రుల విషయంలో ఈ పని పిల్లలే చేయాలి, ఎందుకంటే అక్కడి వైద్యుడు, ఇక్కడి వైద్యుడు ఒకరి చీటీని ఒకరు చూడరు. మలంలో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత, యాభై దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం ఉంటే కివీపండుతో కాలయాపన చేయక వైద్యుణ్ణి చూడాలి.

మిగిలిపోయిన మాత్రలను మరుగుదొడ్డిలో వేయవద్దు. న్యూజీలండ్‌లో మందుల దుకాణాలు వాటిని తిరిగి తీసుకుంటాయి. జలుబుకు యాంటీబయాటిక్ అడగవద్దు. డైక్లోఫెనాక్ పూత రాసుకున్న చేతిని కడిగేముందు కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేయవచ్చు.

వైద్యులు చేయగలిగింది కూడా ఉంది. స్టాక్‌హోమ్ ప్రాంతంలో వైద్యులకు ఇచ్చే సిఫారసు జాబితాను తయారుచేసేటప్పుడు, సమానంగా పనిచేసే రెండు మందులలో పర్యావరణానికి ఏది తక్కువ హాని చేస్తుందో కూడా చూస్తారు. ఆ సమాచారం అందరూ చూడగలిగేలా ఉంచారు. ఇతర దేశాలలో వైద్యుడి బల్ల మీదికి ఆ సమాచారం చేరడం కష్టమైన పనేమీ కాదు.

అన్నిటికంటే పెద్ద మీట కొనుగోలుదారుల చేతిలో ఉంది. న్యూజీలండ్‌లో 1993 నుండి ఫార్మాక్ అనే ప్రభుత్వ సంస్థ దేశానికంతటికీ బేరమాడి మందులు ఎంపిక చేస్తోంది. ఆ బేరం వల్ల నా రోగులకు చవకగా మందు దొరుకుతోంది. ఆ మందులలో చాలావాటి మూలపదార్థం భారతదేశంలోనో చైనాలోనో తయారవుతుంది. నార్వే ఆసుపత్రుల కొనుగోలు సంస్థ 2019 నుండి యాంటీబయాటిక్‌ల టెండర్లలో ధరతోపాటు, తయారీదారు తన వ్యర్థజలాన్ని ఏం చేస్తున్నాడన్న ప్రశ్నకూ మార్కులు వేస్తోంది. కర్మాగారం గేటు దగ్గర మందు చిక్కగా, ఒకే కాలువలో ఉంటుంది. అక్కడ తొలగించడానికి అయ్యే ఖర్చు, నదిలో కలిశాక తొలగించడానికి అయ్యే ఖర్చులో చిన్న వంతు. హైదరాబాదులోని కొన్ని కంపెనీలు బయటకు చుక్క నీరు వదలని పద్ధతికి ఇప్పటికే మారాయి. మారినవారికి ధరలో నష్టం కలగకుండా చూడగలిగింది కొనేవాడే.

విదేశాలలో ఉన్న తెలుగువారిలో వైద్యులు, ఫార్మసిస్టులు, రసాయన ఇంజినీర్లు, ఆసుపత్రుల కొనుగోలు విభాగాలలో పనిచేసేవారు వేలమంది ఉన్నారు. మనలో చాలామంది చదువుకు డబ్బిచ్చింది ఆ మందుల పరిశ్రమే. 'ఈ మాత్ర ఏ ఊరిలో తయారైంది, అక్కడి వాగులో ఏముంది?' అన్న ప్రశ్నను టెండరు కాగితంలో ఒక గడిగా చేర్పించడం మన వృత్తుల పరిధిలోని పని. ఇరవయ్యేడేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగిన ఇసకవాగు రైతుకు అందుబాటులో లేని మార్గం అది.